కసిరే గురువే కావాలి

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేవకముందు మాట. నలభై రెండేళ్ళ వయసులో నాచారంలో కారు నేర్చుకున్నాను. నేర్పే ఆయన నెమ్మదస్తుడు. నేనేం చేసినా “మస్తు నడుపుతున్నరు మేడమ్!” అనేవాడు.

పదకొండో రోజు మావారిని పక్కన కూర్చోబెట్టుకుని మా సొంత కారు తీశాను. ముందున్న ఆటో ఆగింది, నేను ఆగలేదు. ధన్‌మని గుద్దాను.

“ఏందమ్మా, బ్రేకు లేదా?”

“ఉంది, నువ్వెందుకు ఆగావు?” అని దబాయించాను. మావారు దిగి ఆటో ఆయనకు దండం పెట్టారు.

మర్నాడు నేర్పే ఆయన్ని నిలదీశాను. “మీతోని వాదించలేక, నా కాళ్ళ కాడున్న బ్రేకు నేనే తొక్కిన మేడమ్” అన్నాడు. పది రోజులూ కారు ఆపింది ఆయనే!

వెంటనే ఇంకొకాయన దగ్గర చేరాను. “జర నోరు ఆపి బ్రేకు తొక్కక్కా!” అని మొదటిరోజే కసిరాడు. నెలంతా పోట్లాడుకున్నాం. నాకు సరిపడే గురువు ఆయనే. ఇప్పుడు నేను నడుపుతుంటే మావారు పక్కన హాయిగా కునుకు తీస్తారు.