మూఢంలో తీసిన దెయ్యం సినిమా

మొగల్తూరు చుట్టుపక్కల పెళ్లికూతురికి పూలజడ కుట్టాలంటే సూర్యకళకే కబురు పెట్టేవారు. ఆవిడ జడ కుట్టిందంటే తాళి కట్టేవేళకి కూడా ఒక్క పువ్వు ఊడేది కాదు. మనిషి మాత్రం ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు. జడ సగంలో వదిలేసి వీధిగుమ్మం దాకా వెళ్లొచ్చేది, మళ్లీ కూర్చునేది, మళ్లీ లేచేది. "కాళ్లకి చక్రాలు కట్టుకున్నావేంటమ్మా?" అని పెళ్లివారు వేళాకోళమాడితే నవ్వేసేది.

ఆ కుదురు ఎందుకు పోయిందో ఊరందరికీ తెలుసు. తెలిసీ ఆ సంగతి ఒక్కరూ ఎత్తరు, అదొక మర్యాద! పెళ్లైన రెండో ఏడు ఆవిడకి కాన్పు కష్టమైంది. తెలివొచ్చేసరికి పక్కలో బిడ్డ లేదు. "పోయింది. ఇక ఆ మాట ఎత్తకు," అంది అత్తగారు మాణిక్యాంబ. ఆ ఇంట్లో పద్ధతి అంతే. పురిట్లో పోయిన బిడ్డని తల్లికి చూపించరు. మగవాళ్లు గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పూడ్చేసి వస్తారు. ఎక్కడో చెప్పరు. చెబితే తల్లి అక్కడికే పోయి కూర్చుంటుందట, మళ్లీ కడుపు పండదట. చెప్పకపోయినా సూర్యకళకి మళ్లీ కడుపు పండలేదు. దానికేమంటారో ఆ పెద్దావిడని అడుగుదామంటే ఆవిడా కాలం చేసింది.

బిడ్డని తీసుకెళ్లినవాడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ మొగుడు గంగయ్యే. వరిచేను, ఇల్లు తప్ప మూడో సంగతి ఎరగని మనిషి. "ఎక్కడ పెట్టారండీ? ఒక్కసారి చూసొస్తాను," అని ఆవిడ అడగని పండగ లేదు. "అమ్మకి మాటిచ్చాను. అడక్కు," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేలోకి పోయేవాడు. ఆవిడకి ఈ లోకంలో కావలసింది ఆ ఒక్క చోటు. కాలవగట్టున నడుస్తున్నా, చేను గట్టున నడుస్తున్నా ఆవిడ కళ్లు నేలనే వెతికేవి.

రెండువేల మూడులో హరిబాబు వచ్చాడు. నరసాపురంలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు. ఆవిడ జడలు కుట్టే పెళ్లిళ్లకే ఇతనూ కెమెరా పట్టుకొచ్చేవాడు. ఆ ఏడు మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. కెమెరా ఖాళీ, లైట్లు ఖాళీ, జడలు కుట్టే సూర్యకళా ఖాళీ. ఇంకేముంది, సొంతంగా దెయ్యం సినిమా తీస్తానన్నాడు. శుభమా అని మొదలెట్టే పని మూఢంలోనా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. "దెయ్యానికి ముహూర్తమేంటండీ!" అన్నాడు వాడు.

"జపాన్‌వాళ్ల పాత కథక్కా. పురిట్లో పోయిన తల్లి దెయ్యమై నీళ్ల ఒడ్డున నిలబడుతుంది. దారినపోయేవాణ్ణి ఆపి, కాసేపు బిడ్డనెత్తుకోమంటుంది. ఎత్తుకున్నాక ఆ బిడ్డ బరువెక్కిపోతుంటుంది. ఆ దెయ్యం నువ్వే. జుట్టు విరబోస్తే చాలు, మేకప్పే అక్కర్లేదు!" అన్నాడు సూర్యకళతో.

పాపం, పొరుగూరివాడు, వాడికేం తెలుసు? సూర్యకళ ముఖం పాలిపోయింది. "బిడ్డ నా చేతుల్లోనే ఉంటుందా?" అని అడిగింది.

"మరి? నీ చేతుల్లోనే."

"అయితే చేస్తాను," అంది.

పగలు తీసి, కంప్యూటర్లో రాత్రి చేస్తానన్నాడు హరిబాబు. తెల్ల దుప్పటిలో తడి ఇసుక మూటగట్టి అదే బిడ్డన్నాడు. షాటు అయిపోయినా సూర్యకళ ఆ మూట దించేది కాదు. అటూ ఇటూ తిరుగుతూ ఊపుతూనే ఉండేది. "అక్కా, దెయ్యాలు జోకొట్టవు!" అని వాడు మొత్తుకునేవాడు. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది, ఊపడం మాత్రం ఆపేది కాదు.

ఒకనాడు, ఇన్నాళ్లూ తీస్తున్న కాలవ లాకుల దగ్గర జనం మూగుతున్నారని, మలుపు దాటాక మొగలిపొదల దగ్గర తీద్దామన్నాడు హరిబాబు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన గంగయ్య అది విని గతుక్కుమన్నాడు.

"అక్కడొద్దు బాబూ. పాములుంటాయి."

చీకట్లో బ్యాటరీలైటు కూడా లేకుండా చేనికి నీళ్లు పెట్టొచ్చే మనిషికి మిట్టమధ్యాహ్నం పాముల భయమేమిటి? సూర్యకళ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడ అన్నం ముట్టలేదు. "అక్కడే తియ్యి హరిబాబూ," అంది.

తీరా గంగయ్యతో సహా అందరూ అక్కడికి చేరాక బాటసారి వేషగాడు సత్తిరాజు అడ్డం తిరిగాడు. బట్టలకొట్లో గుమస్తా, మంచి మీసం. జుట్టు విరబోసుకుని, మూట పట్టుకుని నిలబడ్డ సూర్యకళని చూసి చెమటలు తుడుచుకున్నాడు.

"మా ఆవిడ కడుపుతో ఉందండీ. పురిటిదెయ్యం చేతిలోంచి బిడ్డనందుకోమంటే నావల్ల కాదండీ బాబూ!"

"మా ఆయనున్నారుగా," అంది సూర్యకళ.

"నాకు రాదు," అన్నాడు గంగయ్య.

"రావడానికేముందండీ? ఎత్తుకుని నడవడమే."

హరిబాబు కెమెరా తిప్పాడు. సూర్యకళ నీళ్ల ఒడ్డునుంచి వచ్చి చేతులు చాపింది. "కాసేపు ఎత్తుకోండయ్యా. నావల్ల కావడం లేదు." ఆ మాట హరిబాబు రాసిందే. గంగయ్య మూట అందుకున్నాడు. నాలుగడుగులు గట్టుమీద నడిచి కూలబడాలి, అదీ కథ. ఆయన కూలబడలేదు. గట్టు దిగిపోయాడు. "బావా, ఫ్రేములోంచి వెళ్లిపోతున్నావ్!" అని హరిబాబు అరిచినా వినలేదు. మొగలిపొదలు తప్పించుకుంటూ, ముళ్లు గీరుకుంటున్నా ఆగకుండా వెళ్లి, ఒక కానుగచెట్టు మొదట్లో మోకాళ్లమీద కూర్చున్నాడు. మూటని నేలమీద పడుకోబెట్టి, భుజంమీది తువ్వాలు తీసి కప్పాడు. కప్పి, దానిమీద చెయ్యి వేసి గొల్లుమన్నాడు.

సూర్యకళ పరుగున వచ్చి పక్కన కూలబడింది.

"ఇక్కడేనా?"

తల ఊపాడు. "ఆడపిల్ల," అన్నాడు.

ఆ మాట ఆవిడతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇన్నేళ్లుగా ఆవిడ మనసులో పెంచుకున్నది మగపిల్లాణ్ణి. వాడికి పేరు పెట్టుకుంది, పలక కొనిచ్చింది, బడికి పంపింది, అల్లరి చేస్తే కోప్పడింది కూడా. ఆ పిల్లాడు ఒక్కసారిగా ఎటో వెళ్లిపోయాడు.

"ఏదీ, మళ్లీ చెప్పండి," అంది మొగుడి చెయ్యి పట్టుకుని.

"ఆడపిల్ల, సూర్యకళా. మన పాప."