గేమ్ పాటను ఈల వేసేదెవరు

ఈల అంటే నాకు గిట్టదు. మా అరకు కొండల్లో పుట్టిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, ఎదురు కొండ మీంచి రోజూ ఒకే వరస వినిపిస్తోందంటే అది ఊరికే కాదని. మా చిన్నతనంలో కుర్రాళ్ళు ఒక్కొక్కరూ పిల్లనగ్రోవి మీద ఒక్కో వరస సొంతం చేసుకునేవారు. అది విని ఏ పిల్ల కుండ పట్టుకుని లేస్తుందో, ఆ పిల్ల మీద ఊరంతా ఓ కన్నేసేది. మా అక్క అలాగే పదో తరగతి పరీక్షల ముందు కుండ ఊట దగ్గర వదిలేసి ఒకడి వెంట వెళ్ళిపోయింది. చదువులో నాకంటే చురుకైంది. నేను బడిలో పాఠాలు చెబుతుంటే అది ఇప్పటికీ పరాయివాళ్ళ తోటల్లో కాఫీ పళ్ళు కోస్తోంది.

అందుకే ఆ ఏడాది కోతల రోజుల్లో ఈల వినిపించగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. విశాఖలో నర్సింగ్ చదివే మా అమ్మాయి అప్పుడే సెలవులకి వచ్చింది. పొద్దు వాలే వేళ మా కాఫీ తోట వైపు నుంచే వచ్చేది ఆ వరస. గబగబా పైకెక్కి, ఓ క్షణం ఆగి, ఇంకా పైకెక్కి, చివర్న తడబడుతున్నట్టు ఓ మెట్టు కిందికి దిగేది. అంతే, మా పిల్ల చేతిలో పని వదిలేసి లేచేది.

"మిరియాల తీగలు సూసొస్తానమ్మా" అనేది.

మిరియాల తీగల మీద ఈ పిల్లకి ఇంత ప్రేమ ఎప్పట్నించి?

చీకటి పడ్డాక తోటలోంచి వచ్చిన మా ఆయన్ని పట్టుకున్నాను. "అక్కడ ఎవడో ఈలలేస్తున్నాడు, వినలేదా?"

"ఏ ఈలే? పిట్టయ్యుంటాది."

"పిట్ట రోజూ టైము చూసుకుని కూస్తుందేటి?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గోలెం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ మనిషికి ఏదీ పట్టదు, ఇల్లు కాలిపోతున్నా చుట్ట ముట్టించుకునే రకం అని తిట్టుకున్నాను. ఆ ఈల వేసేవాడెవడో తేలేదాకా పిల్లని తిరిగి హాస్టల్‌కి పంపేది లేదని మనసులో గట్టిగా అనేసుకున్నాను. చదువు ఆగితే ఆగనీ, అక్కలాగా మాత్రం కాకూడదు.

శుక్రవారం సంతలో ఉల్లిపాయలు ఏరుతున్నాను. పక్కనున్న సెల్ ఫోన్ల షాపులోంచి అదే వరస! సంచీ అక్కడే వదిలేసి లోపలికెళ్ళాను.

"ఈ పాట ఏ సినిమాలోది?"

"సినిమా కాదు మేడమ్, గేమ్ మ్యూజిక్" అన్నాడు షాపతను, పిచ్చి సంతోషంగా. గుర్రమెక్కి కొండలు దాటే వీరుడి ఆటట. భాగాలు భాగాలుగా వస్తూనే ఉందట. బొమ్మలు మారాయి, కథ మారింది, పాట మాత్రం మారలేదన్నాడు. నేను అడక్కుండానే ఫోన్‌లో ఒక్కో భాగం పాటా వినిపించాడు. మొదటిది టీవీకి తగిలించే డబ్బాలో వచ్చింది. కీచుమని బొమ్మ గడియారం మోతలా ఉంది. తరవాతి దాంట్లో గిటార్ చేరింది. ఇప్పుడు ఫోన్లలో ఆడేదాంట్లో వయొలిన్లూ డోళ్ళూ, వెనక గుంపు పాడ్డం, నానా హంగామా.

"ఇందులో చివర్న ఆ దిగుడేదీ?" అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు. "బలే పట్టీసేరే! అది మొదటి దాంట్లోనే ఉంటాది మేడమ్. పాట అయిపోగానే మళ్ళీ మొదలుకి రావాల కదా, అందుకని అతుకేసేరు. తరవాత అవసరం నేక తీసీసేరు. అది తెలిసినోడంటే మా ఈడోడే. ఇప్పటి గుంటలకి తెల్దు."

మా ఈడోడు! నలభై దాటిన మగాడు! కుర్రాడనుకుని కోప్పడ్డాను గానీ, ఇది అంతకంటే అన్యాయం. పెళ్ళాం పిల్లలున్న ఏ కాంట్రాక్టరో, ఏ మేస్త్రీయో. షాపతన్ని కూడా ఎగాదిగా చూశాను.

"సాయంత్రాలు షాపు ఎన్నింటికి కట్టేస్తారు?"

"ఏం మేడమ్?" అన్నాడు పాపం.

ఆ సాయంత్రం ఈల వినపడగానే పిల్ల లేచింది. నేను పొయ్యి ఆర్పి, కట్టె ఒకటి చేతపట్టి, చెప్పులు విప్పేసి వెనకే ఎక్కాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద మా పిల్ల కూర్చుని ఉంది. పక్కన తల మీదుగా తువ్వాలు కప్పుకున్న మగాడు. రెండు తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఫోన్ మీదికి వంగి ఉన్నాయి.

"ఎవడ్రా నువ్వు!" అని అరిచి కట్టె ఎత్తాను.

తువ్వాలు జారింది. "నానేనే! కట్టె దించు!" అన్నాడు మా ఆయన.

పిల్ల ఒక సబ్జెక్టు తప్పిందని ఇంట్లో ఫోన్ ఆటలు నేనే మాన్పించాను. అందుకని తండ్రీ కూతుళ్ళు తోటలో చేరి వంతులేసుకుని ఆడుతున్నారు. పెళ్ళికి ముందు ఆయన పాడేరులో టీవీల షాపులో పనిచేశాడు. మొదటి ఆట డబ్బా ఆ షాపు ముందు పొద్దస్తమానం మోగేదట. కూతురి ఫోన్‌లో పాట వినగానే గుర్తుపట్టి, ఆ పాత దిగుడుతో సహా ఈల వేసి చూపించాడట. అప్పట్నించీ పిల్లని ఆటకి పిలవడానికి అదే సైగట. ఆయన చెప్పుకుంటూ పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆ కట్టె పట్టుకునే కూలబడ్డాను.

పిల్ల నవ్వలేదు.

"ఎవరనుకున్నావమ్మా?" అంది.

నేను కట్టె వెనక్కి దాచుకునేసరికి దానికి అర్థమైపోయింది. మొహం ఇంత చేసుకుని కొండ దిగిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గుతోపాటు కోపం కూడా వచ్చింది. ముందే నాతో ఒక ముక్క చెబితే వీళ్ళ సొమ్మేం పోయేది?

సెలవులైపోయాయి. బస్సు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన సామాను పైకెక్కిస్తున్నాడు. మంచిగా ఒక మాట చెప్పి పంపాలని నేను గొంతు సర్దుకుంటున్నాను. ఈలోగా పిల్ల బ్యాగులోంచి ఫోన్ తీసి, లాక్ తెరిచి, నా ముందుకు చాపింది.

"ఇందులో ఎవరున్నారో సూసుకోమ్మా, బేగి. బస్సు కదిలీలోగా" అంది. ఆ గొంతులో వెటకారం లేదు, అలక లేదు. టికెట్ చూపించమంటే చూపించినట్టు అంది.

వద్దు తల్లీ, నాకెందుకు అందామనే నోరు తెరిచాను. నా చెయ్యి అప్పటికే ఫోన్ అందుకుంది.