తలుపు దాకా చూసిన సినిమా

ఈ మధ్య మా ఇంట్లో టీవీ నాకు సినిమాలు సిఫారసు చేస్తోంది. పెట్టీ పెట్టగానే "మీ కోసం" అంటూ ఒక వరస బొమ్మలు పరుస్తుంది. ఎప్పుడో వంటల కార్యక్రమం చూస్తూ కునుకు తీసిన పాపానికి చాలా రోజులు పులుసులూ పచ్చళ్ళే చూపించింది. ఇవాళ మధ్యాహ్నం మాత్రం ఆ వరసలో ఒక పాత నలుపు తెలుపు బొమ్మ కనబడింది. కొండమీద బంగళా, చెక్కమెట్లు, పైన మూసిన తలుపు, చేతిలో తాళంచెవి పట్టుకుని నిలబడిన కొత్త పెళ్ళికూతురు. ఆ సినిమా నేను ఎన్నడూ చూడలేదు. అయినా అందులో ప్రతి మలుపూ నాకు తెలుసు, ఎందుకంటే మా చిన్నమ్మ చెప్పింది. ఆ చిన్నమ్మ అప్పుడు నా పక్కనే సోఫాలో కాళ్ళు ముడుచుకుని, చల్లారిపోయిన కాఫీలోటా పట్టుకుని కూర్చుని ఉంది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. చింతామణి తాలూకాలో బట్లహళ్ళి పక్కన వాళ్ళ ఊరు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిందని బాగేపల్లిలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చింది, ఇద్దరూ కలిసి వచ్చి డాక్టరును చూడండి అని ఫోను కూడా చేశారు. చిన్నమ్మ కదలదు. ఒకరోజు మోకాలు నొప్పి, ఒకరోజు అమావాస్య, ఇంకోరోజు ఎండ. నేనొక్కదాన్నే పోయి తెస్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు పాపా. నువ్వు తెలుసుకోని ఒక మొగం పెట్టుకోని వస్తావు. ఆ మొగం నేను చూడలేను" అంది. ఫోను మోగితే చాలు, ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం. ఆమెకే కాదు, నాకూ భయమే, దాచడం ఎందుకు. అరవై దాటినదాన్ని పాపా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఈమె ఒక్కతే మిగిలింది.

మా చిన్నతనంలో ఎవరు ఏ సినిమా చూడాలో నిర్ణయించేది చిన్నమ్మే. సెలవులకు మేం అక్కచెల్లెళ్ళం ఆమె ఊరికి పోయేవాళ్ళం. ఇంటి వెనక పట్టుపురుగుల ఇల్లు. లోపల తట్టలు తట్టలుగా పురుగులు. వాటికి పూటపూటకూ మల్బరీ ఆకు వెయ్యాలి. చిన్నమ్మ ఏదో పని కల్పించుకుని చింతామణికి పోయి, మ్యాట్నీ ఆట చూసి, సాయంత్రం ఆకు వేసే వేళకు బస్సు దిగేది. ఆ ఆకు పరుస్తూనే కథ చెప్పేది. పురుగుల ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు కనక అంతా గుసగుసల్లోనే. పచ్చి ఆకు వాసన, చీకటిమూలలు, వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే ఆ సన్నని చినుకుల చప్పుడు. దాని మీద ఆమె గొంతు. డబ్బు పెట్టి టికెట్టు కొని టాకీసులో కూర్చున్నవాళ్ళెవరూ మేం భయపడినంత భయపడి ఉండరు.

వీధిలో ఆడవాళ్ళు కూడా ఆమెను అడిగే సినిమాకు పోయేవాళ్ళు. ఈ టీవీకి నేను ఏం చూశానో తెలుసు గానీ, చిన్నమ్మకు ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసు. కోడలితో మాటలు మానేసిన పక్కింటి అత్తగారిని ఒక సినిమాకు పంపింది, మొదటి కాన్పుకు వచ్చిన పిల్లను ఇంకొక సినిమాకు పోనివ్వలేదు. "అది నీకు ఇప్పుడు వద్దులేమ్మా, బిడ్డ పుట్టినంక చూద్దువు" అని చెప్పేది. ఏడుపు సినిమాలు ఎందుకు చూడాలంటే, ఇంట్లో ఏడిస్తే అడుగుతారట, టాకీసులో అడగరట. మరి భయం సినిమాలు ఎందుకని మా అక్క ఒకసారి అడిగింది. చిన్నమ్మ తట్ట కింద పెట్టి మరీ చెప్పింది. "భయం అందరికీ ఉండాది. దాన్ని ఎత్తుకోని యాడికి పోవాల్నో తెలియక కూర్చుంటాం. సినిమాలో ఆ యమ్మి భయపడతానే మెట్లెక్కతాది చూడు, అది నేర్చుకోవాల."

ఆ యమ్మి అంటే ఈ బంగళా సినిమా పెళ్ళికూతురే. కొత్త కాపురానికి వస్తుంది. పొద్దు వాలితే మేడమీది గదిలోంచి ఎవరో తలుపు తడుతుంటారు. భర్తను అడిగితే పైన ఎవరూ లేరంటాడు, పనివాళ్ళు తలొంచుకుంటారు. చివరికి తాళంచెవి దొరుకుతుంది. చిన్నమ్మ ఆకుబుట్ట మీద వేళ్ళతో టక్ టక్ మని కొట్టేది. మా అక్క నా జడ పట్టుకునేది. పెళ్ళికూతురు తలుపు తీస్తుంది, లోపల చనిపోయిందని అందరికీ చెప్పిన అత్తగారు బతికే ఉంటుంది, ఆస్తి కోసం కొడుకే బంధించి ఉంటాడు. కోడలు ఆమెను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంది. అక్కడికి మా ప్రాణాలు కుదుటపడేవి. అయినా ఆ సెలవులంతా తలుపు కొట్టిన చప్పుడైతే మంచం కింద దూరేవాళ్ళం.

ఇవాళ ఆ బొమ్మ చూసి చిన్నమ్మ లోటా కింద పెట్టింది. "అదే కదా పాపా? పెట్టు." ఈ రోజుల్లో భయం సినిమా ఎందుకని నేను నసిగాను. ఆమె వినలేదు. ఇద్దరం చూశాం. పళ్ళూడిన నోటితో ఆమె ప్రతి మాటా ముందే అందిస్తోంది. పెళ్ళికూతురు మెట్లెక్కింది. తాళంచెవి తీసింది. లోపల టక్ టక్. చిన్నమ్మ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

"నిలుపు. నేను చూసిండేది ఇంతే."

నాకు అర్థం కాలేదు.

"ఆఖరి బస్సు పోతాదని లేచొచ్చేస్తి పాపా. యా సినిమా అయినా అంతే. మ్యాట్నీ ఇడిసేదాకా ఉంటే బస్సు ఉండదు, పురుగులకు ఆకెవరేస్తారు? మీరు నోరు తెరుచుకోని చూస్తాంటే ఏదో ఒకటి చెప్పల్ల కదా."

అంటే చిన్నమ్మ చెప్పిన కథల్లో అత్తాకోడళ్ళు కలిసిన ముగింపులు, తప్పిపోయిన బిడ్డలు దొరికిన ముగింపులు, అన్నీ ఆమె బస్సు కిటికీ పక్కన కూర్చుని కల్పించినవే. నవ్వు రావాల్సిన చోట నాకు వణుకు వచ్చింది. తెర మీద తాళంచెవి అట్లాగే ఆగి ఉంది. ఆపేద్దామా అన్నాను. చిన్నమ్మ తెర వైపు జరిగి కూర్చుంది. తర్వాత, "పెట్టు. ఇప్పుడు బస్సు లేదు కదా" అంది.

పెళ్ళికూతురు తలుపు తియ్యలేదు. తాళంచెవిని కిటికీలోంచి బావిలోకి విసిరేసి, మెట్లు దిగి, గుర్రబ్బండి ఎక్కి వెళ్ళిపోయింది. ఖాళీ బంగళాలో తలుపు మాత్రం మిగిలింది. టక్ టక్. ఆ చప్పుడు ఆగకుండానే తెర మీద "శుభం" అని పడింది.

"ఏం శుభం?" చిన్నమ్మ కోపంతో లేచి నిలబడింది. "ఇంతసేపు భయపడి సచ్చి, తీసి చూడకుండానే పాయనా! తట్టేది నిలిచిందా? యా ఊరికి పోయినా దానికి ఇనపడతానే ఉంటాది కదా, మతిలేనిది!"

అని, ఆగిపోయింది. తన మాట తనకే వినిపించినట్టుంది. మెల్లగా కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఆమె వైపు చూడకుండా చల్లారిన కాఫీలోటా చేతిలోకి తీసుకున్నాను.

"పాపా, చిక్కబళ్ళాపురానికి పొద్దున బస్సు ఎప్పుడుండాది?"

రేపు పోతున్నాం. ఇస్త్రీ చీర తీసి కుర్చీ మీద పెట్టుకుంది. ఆ తలుపు వెనక ఏముందో నాకు తెలియదు, భయం అట్లాగే ఉంది. ఏళ్ళు మనుషులను ఎక్కడి నుంచి ఎక్కడికి తెస్తాయో గానీ, ఒకప్పుడు బస్సు అందుకోవడానికి ముగింపు వదిలేసి పరుగెత్తిన మా చిన్నమ్మ, రేపు ముగింపు తెలుసుకోవడానికే బస్సు ఎక్కుతోంది.