కళింగపట్నం రేవులో నా నూనె దారి

నా చేతుల మీదుగా కట్టించిన వాటిలో రెండు కల్వర్టులు, ఒక బడి వరండా ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు. పెళ్ళిలో కనిపించినా, బస్సులో కనిపించినా అందరూ అడిగేది కళింగపట్నంలో నేను వేసిన పలకల దారి గురించే. ఆ దారి మీద ఒక పెద్దాఫీసరు, ఒక హెడ్మాస్టరు, ఒక సన్నాయి విద్వాంసుడు, వాళ్ళ వెనకే నేను, ఒక్క పూటలో బోర్లా వెల్లకిలా పడ్డాం. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు, మా ఆవిడ రోజూ నవ్వుతూనే ఉంది.

అరవయ్యో దశకం చివరి రోజులవి. ఓవర్సీరు పరీక్ష గట్టెక్కి, శ్రీకూర్మం దగ్గర మా ఊరి వరిచేలు వదిలి కొత్తగా ఉద్యోగంలో చేరాను. జేబులో టేపు, చంకలో గొడుగు, నెత్తిమీద చెప్పలేనంత తెలివి. లోకంలోని వంకరలన్నీ నేను వచ్చి సరిచేస్తానని కాచుకుని కూర్చున్నాయని నా నమ్మకం. అప్పటికి కళింగపట్నానికి ఓడల రాక దాదాపు ఆగిపోయింది. ఖాళీగా పడివున్న పాత గిడ్డంగిలో రేవు వస్తువులన్నీ పోగేసి, లంగర్లు, ఓడ దీపాలు, జెండాలు, కొయ్య కప్పీలు జనం చూసేలా పెట్టాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. సున్నం వేయించి, సామాను గోడలకి తగిలించి, ప్రారంభానికి అంతా సిద్ధం చేసే బాధ్యత నాది.

ఆ గిడ్డంగి అరుగు మనిషెత్తు ఉంటుంది. సముద్రం పొంగితే సరుకు తడిసిపోతుందని వెనకటివాళ్ళు అలా కట్టారు. సముద్రం వైపు నిటారుగా మెట్లు, మెట్లకి రెండు పక్కలా గోడలు, పైన గుమ్మం. వెనక గుమ్మాన్ని ఎప్పుడో రాళ్ళతో మూసేశారు. కాబట్టి లోపలికి పోవాలంటే ఆ మెట్లెక్కాలి, వేరే దారి లేదు. కాళ్ళున్నవాడికి అదేమంత కష్టం కాదు గానీ, సరంగు ఎర్రయ్యకి మాత్రం అది హిమాలయమే.

ఎర్రయ్య ఎవరో చెప్పాలి. ఓడలు లోతు నీళ్ళలో ఆగిపోతే, ఒడ్డు నుంచి అక్కడిదాకా సరుకునీ మనుషులనీ అలల మీద దాటించే పడవలు ఉండేవి. అలాంటి పడవకి పెద్దని సరంగు అంటారు. వెనక నిలబడి, పొడుగాటి తెడ్డుతో పడవ ముక్కుని అలకి ఎదురు తిప్పేది ఆయనే. రేవులో ఎర్రయ్యని మించిన సరంగు లేడని పేరు. పక్షవాతం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాక, ఊరి వడ్రంగి ఒక చేతుల కుర్చీకి సైకిలు చక్రాలు బిగించి ఇచ్చాడు. అందులో కూర్చుని, వచ్చేపోయే పడవలవాళ్ళని పేరుపేరునా తిట్టడం ఆయన దినచర్య.

ఆయన తెడ్డుని ఆయన భార్య గురమ్మ ప్రదర్శనకి ఇచ్చింది. నేను దాన్ని నడిమి గోడకి పెట్టించి, ఆయన్ని పిలవడానికి వెళ్ళాను. గురమ్మ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

"మొదటి రోజు మీరు రావాలి సరంగూ," అన్నాను.

"ఎలగొస్తాను బాబూ?"

"నలుగురు కుర్రాళ్ళని పెట్టి కుర్చీ పైకెత్తిస్తాను."

"నలుగురు మోసే రోజు ఎలగూ వస్తాది. అంత తొందర నాకు లేదు."

గురమ్మ చేపల మీంచి తలెత్తకుండానే అంది. "ఆ మనిసి అలగే అంటాడు బాబూ. దొరసానులని బుజాల మీద కూకోబెట్టి అలల్లోంచి ఒడ్డుకి తెచ్చినోడు. తనని ఒకడు మోస్తే ఇంక తల ఎత్తుకోడు."

ఎర్రయ్య కుర్చీని నాకేసి తిప్పాడు. "నా తెడ్డుని ఒక్కపాలి ముట్టుకోవాలనుంది బాబూ. అబద్ధమెందుకు, శానా ఉంది. గానీ బియ్యం బస్తాలాగ ఎల్లను. కుర్చీలో కూకుని, అందరూ సూస్తుండగా, దర్జాగా ఎల్లాల. అలగ కుదిరితే సెప్పు. లేపోతే ఆ తెడ్డుని నా బదులు నువ్వే సూసుకో."

ఒక మనిషి తన బతుకంతా పట్టుకున్న వస్తువుని మేం గోడకి తగిలించాం, ఊరంతా చూడొచ్చు, ఆయన ఒక్కడే చూడకూడదా? "మీకు దారి నేను వేస్తాను," అన్నాను. అక్కడితో ఆగి ఇంటికి పోయివుంటే ఈరోజు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఒడ్డున పడవలని పైకి చేరుస్తున్నారు. ఇసక మీద పలకలు పరిచి, వాటికి సొరచేప నూనె పట్టించి, "హైలెస్సా" అంటూ కదిలిస్తే ఏనుగంత పడవ వెన్నలా జారుకుంటూ పైకొచ్చేసింది. పడవేమో పలకల మీద ఉంది, మనుషులేమో రెండు పక్కలా ఇసకలో ఉన్నారు. దేవుడు నాకు రెండు కళ్ళిచ్చినా, ఇందులో మొదటి సగమే నాకు కనిపించింది.

మర్నాడే పని మొదలుపెట్టాను. పొడి ఇసకలో సైకిలు చక్రాలు దిగబడిపోతాయి గనక, నీళ్ళ అంచున గట్టిగా ఉండే తడి ఇసక దగ్గర్నుంచి గుమ్మం దాకా పలకలు పరిపించాను. మెట్ల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్క సందు లేకుండా కప్పేశాను. కదలకుండా పడవ మేకులు దిగ్గొట్టించాను. నూనె సంగతి ఎర్రయ్యతో చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"సొరచేప నూనేనా? బుర్రున్నోడివి బాబూ. పొదుపు సెయ్యకు, బాగా పట్టించు."

"డబ్బాడు పోయిస్తాను."

"ఇంకో డబ్బా మా ఇంట్లో ఉన్నాది. అట్టుకుపో."

ఇద్దరం పడవల్లో ఆలోచించేవాళ్ళమే, కాళ్ళ గురించి ఆలోచించడానికి మాలో ఒక్కరూ మిగల్లేదు. నేను ఇసకలో నిలబడి కుర్చీని కింది పలకల మీద అటూ ఇటూ తోసి చూశాను. గాలికి దూదిలా పోయింది. పరీక్ష అయిపోయిందనుకుని, భోజనానికి వెళ్ళి రెండుసార్లు పెరుగన్నం వడ్డించుకున్నాను.

ప్రారంభం రోజు రానే వచ్చింది. తెల్లని పంట్లాం, తెల్లని చొక్కా, బాగా పెంచిన బొజ్జతో పెద్దాఫీసరు దిగారు. హెడ్మాస్టరు దండతో, సన్నాయి ఆయన మేళంతో సిద్ధం. గుమ్మానికి ఎర్ర రిబ్బను. ఎర్రయ్య కొత్త పంచె కట్టుకుని, కుర్చీలో నీళ్ళ అంచున కాచుకుని ఉన్నాడు. మర్యాద ప్రకారం మొదట ఆఫీసరుగారు, ఆయన వెనకే కుర్చీ.

"ఇదేమిటయ్యా, మెట్లు కనబడవు?" అన్నారు ఆఫీసరు.

"కాళ్ళు లేనివాళ్ళు కూడా వచ్చేలా దారి వేశానండి," అన్నాను ఛాతీ విరుచుకుని.

"భేష్," అంటూ ఆయన కుడికాలు పలక మీద మోపారు. ఆ కాలు ఆయనకి చెప్పకుండానే వెనక్కి వచ్చేసింది. ఆయన హెడ్మాస్టరు మీద పడ్డారు. హెడ్మాస్టరు దండతో సహా సన్నాయి విద్వాంసుడి మీద పడ్డారు. సన్నాయి నోట్లోనే ఉండిపోవడం వల్ల, ఏ రాగంలోనూ లేని కూత ఒకటి రేవంతా మోగింది.

తెలివైనవాడైతే అక్కడ ఆపేస్తాడు. నేను ఆపలేదు. "కాలు పెట్టే తీరులో ఉందండి. నేను చూపిస్తాను, చూడండి," అని ఎర్రయ్య కుర్చీ వెనక చేరి, పలకల మీదికి తోశాను. ఇసక పక్కన ఉన్నంతమేరా బ్రహ్మాండంగా పోయింది. జనం చప్పట్లు కొట్టారు. మెట్ల దగ్గర రెండు పక్కలా గోడలు వచ్చాయి. తోసేవాడి కాళ్ళు పెట్టుకోవడానికి నూనె పలక తప్ప ఏమీ మిగల్లేదు. పడవలవాళ్ళు ఇసకలో ఎందుకు నడుస్తారో నాకు సరిగ్గా ఆ క్షణంలో, బోర్లా పడుతూ, అర్థమైంది.

కుర్చీ నన్ను పక్కకి నెట్టేసి వెనక్కి బయల్దేరింది. జనం ఇటూ అటూ చెదిరిపోయారు. నేను పొట్టమీద జారుకుంటూ దాని వెంట పడ్డాను. గుమ్మం వైపే చూస్తూ, వీపు సముద్రం వైపు పెట్టి, ఎర్రయ్య నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఒక అల వచ్చి ఆయన్ని నడుము దాకా తడిపేసింది.

గురమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను నూనె ఓడుతూ, ఏడుపు మొహంతో ఆయన ముందు నిలబడ్డాను. ఆయన దర్జాగా లోపలికి వెళ్ళాల్సిన రోజు, ఊరంతా చూస్తుండగా నీళ్ళలో పడేశాను. నా ఉద్యోగం పోతే పోయింది, ఆ మొహం ఎలా చూడాలో తెలియలేదు.

చూస్తే ఎర్రయ్య నవ్వుతున్నాడు. "ఎన్నాళ్ళకి తడిసినానే గురమ్మా," అన్నాడు.

"సలి సేస్తాది, ఇంటికి పోదాం," అంది గురమ్మ.

"సరంగూ, నన్ను క్షమించండి. కుర్రాళ్ళని పిలిచి ఎత్తించేస్తాను," అన్నాను నేను.

"ఎత్తినావంటే ఇటునుంచి ఇటే ఓడెక్కి ఎల్లిపోతాను," అని పడవలవాళ్ళ వైపు తిరిగాడు. "ఏటిరా, పడవ ఒక్క తోపుకే ఒడ్డెక్కుతాదేటి? తాళ్ళు తెండి. ముందు నుంచి లాగండి."

"లాగితే మాత్రం మోయించుకున్నట్టు కాదా మీకు?"

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "పడవని లాగుతారు బాబూ, మొయ్యరు. సరంగు పడవలోనే కూకుని ఎలగ లాగాలో సెప్తాడు."

నలుగురు పడవవాళ్ళు పక్క గోడల మీద పిల్లుల్లా పాకి గుమ్మంలో నిలబడ్డారు. కుర్చీ చేతులకి చెరో తాడు కట్టారు. ఎర్రయ్య వీపు నిటారుగా పెట్టి, చెయ్యి పైకెత్తాడు. అంతసేపూ నాతో మెల్లగా మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారిగా రేవు ఆ చివరికి వినిపించేంత అయింది. ఆయన కేక పెడితే వాళ్ళు బదులు పలికి లాగారు. ఎడమ తాడు బిగువైతే తిట్టాడు, కుడి తాడు వదులైతే తిట్టాడు. రెండు డబ్బాల సొరచేప నూనె పుణ్యమా అని, కుర్చీ ఎక్కడా తట్టుకోకుండా పైకి సాగింది. ఒడ్డున ఉన్న ఆడామగా అందరూ ఆయన కేకకి బదులు పలికారు. ఆఫీసరుగారు కూడా పలికారు, నేను విన్నాను.

గుమ్మంలో రిబ్బను అడ్డొచ్చింది. కత్తెర ఆఫీసరుగారి దగ్గరే కింద ఉండిపోయింది. ఎర్రయ్య ఆగలేదు. కుర్చీతోనే రిబ్బను తెంచుకుని లోపలికి పోయాడు.

నేను గోడ మీంచి పాకి వెనకే వెళ్ళాను. ఆయన తెడ్డు ముందు ఉన్నాడు. చేతి రాపిడికి అరిగి నున్నబడిన చోట వేళ్ళు ఆనించాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది. అంత సంతోషంతో నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. తర్వాత ఆయన, "దీన్ని దింపి నా సేతికియ్యి," అన్నాడు. దింపి ఇచ్చాను. దాన్ని పట్టుకుని గుమ్మంలోకి వచ్చి కింద ఉన్న జనాన్ని చూశాడు.

"బాబుగోరు ఇంకా రాలేదేటి?"

కింద ఆఫీసరుగారు నిలబడి ఉన్నారు. నేను గోడ మీంచి వంగి, "ఇసక పోయిస్తానండి, పట్టు దొరుకుతుంది," అన్నాను.

ఆయన కుర్చీకేసి చూస్తూ, "ఇసకెందుకయ్యా," అన్నారు. "ఆ కుర్చీ ఒకసారి పంపించు."

ఎర్రయ్య తన చేతుల బలం మీదే గుమ్మంలో వేసిన బెంచీ మీదికి జరిగాడు, మేం కుర్చీ కిందికి దింపాం. తెల్ల పంట్లాం ఆఫీసరుగారు అందులో కూర్చుని, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. పైనుంచి ఎర్రయ్య తెడ్డు ఊపి కేక పెట్టాడు. ఆఫీసరుగారు చిన్నపిల్లాడిలా నవ్వుతూ పైకొచ్చారు. ఆయన తర్వాత హెడ్మాస్టరు, ఆయన తర్వాత సన్నాయి ఆయన. ఆ తర్వాత, గోడ మీంచి ఎక్కగలిగినవాళ్ళు కూడా కుర్చీ కోసమే వరసకట్టారు. కాళ్ళు చక్కగా ఉన్న ఊరంతా చక్రాల కుర్చీ కోసం తోసుకుంటుంటే, కాళ్ళు లేని మనిషి పైన కూర్చుని, "నువ్వాగు, ముందా ముసిల్దాన్ని రానీ," అని వాళ్ళని అదిలించాడు. ఆ రోజు ఎర్రయ్య అనుమతి లేకుండా ప్రదర్శనశాలలోకి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

దిగేటప్పుడు కుర్చీ కోసం ఎవరూ ఆగలేదు. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పలకలే ఇసకలోకి చేర్చాయి. అందరూ దిగాకే ఎర్రయ్య దిగాడు, ముందు దిగమంటే ఒప్పుకోలేదు.

జీపెక్కే ముందు ఆఫీసరుగారు నన్ను పక్కకి పిలిచారు. వెనకవైపు ఆయన పంట్లాం మొత్తం సొరచేప నూనె. నా ఉద్యోగానికి మనసులోనే నీళ్ళొదిలేశాను.

"ఇదిగో చూడు," అన్నారు కఠినంగా. "మళ్ళీ ఎక్కడైనా ఇలాంటి దారి వేశావంటే..."

"వెయ్యనండి."

"...నాకు ముందే కబురు పెట్టు. పాత పంట్లాం వేసుకుని వస్తాను."

ఆ సాయంత్రం స్నానం మూడుసార్లు చేసి, వాసన పోక, సముద్రానికి ఎదురుగా నిలబడి గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరికి దారి వేసినా, దాని మీద మొట్టమొదట నేను నడుస్తాను, నేను పడతాను, నేను లేస్తాను, ఆ తర్వాతే జనాన్ని పిలుస్తాను. ఆ ఒట్టు ఇవాల్టిదాకా తప్పలేదు. నడుం నొప్పి అందుకే.