రిపోర్టులో నేను చూసిన హెచ్

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో నాకు ఐసు పిచ్చి పట్టుకుంది. సరదాకి ఒక ముక్క చప్పరించడం కాదు, గ్లాసుల కొద్దీ కరకరమని నమలడం. ఉప్పాడలో ఐసుకు కొదవేముంది? మా అమ్మ ఒడ్డున చేపల వ్యాపారం చేస్తుంది. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పొద్దున్న పిల్లలకు చేతుల శుభ్రత గురించి చెప్పి, సాయంత్రం అమ్మ ఐసు పెట్టె మూత తీసి, చేప తగలని మూల నుంచి ఒక గడ్డ తీసుకుని కొంగు చాటున నోట్లో వేసుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ చూసేసింది.

“ఛీ! చేపలకేసిన ఐసు తింటావేంటే? టీచరువేనా నువ్వు?”

“కడిగానమ్మా.”

“ఐసుని కడిగావా? ఒళ్లు వేడి చేసుంటది. మజ్జిగ తాగు.”

మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. తగ్గలేదు. దానికి తోడు కాళ్ల బాధ మొదలైంది. పొద్దు వాలాక కాసేపు కూర్చుంటే చాలు, పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టుండేది. నొప్పి కాదు, దురదా కాదు. లేచి నడిస్తే తప్ప ఊరుకునేది కాదు. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్లేదాన్ని. టీచర్ల మీటింగులో నేను నాలుగోసారి లేచేసరికి హెడ్మాస్టరు గారు, “ఏంటమ్మా, బస్సు టైమైందా?” అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ నెలలోనే స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. వేలి మీద సూదితో గుచ్చి చూసి, “హిమోగ్లోబిన్ పన్నెండు పైనే ఉంది, బాగానే ఉందండి” అన్నారు. ఆడవాళ్లందరికీ ఇచ్చినట్టే నాకూ ఐరన్ మాత్రలు ఇచ్చారు. బాగానే ఉంటే నాకిలా ఎందుకుంది? ఆ ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు. వారం తర్వాత ఎవరికీ చెప్పకుండా కాకినాడ వెళ్లి, ఒక ల్యాబులో ఐరన్ పరీక్షలన్నీ చేయించుకున్నాను. ఆ పొద్దున కూడా మాత్ర వేసుకునే బయలుదేరాను. వేసుకోకూడదని నాకేం తెలుసు?

రిపోర్టు మర్నాడు ఫోనుకి వచ్చింది. మొదటి వరసలో ఐరన్, దాని పక్కన ఏ గుర్తూ లేదు. రెండో వరసలో టోటల్ ఐరన్ బైండింగ్ కెపాసిటీ, దాని పక్కన నల్లగా, లావుగా హెచ్. మూడోది ఫెర్రిటిన్, అంకె ఆరు, పక్కన ఎల్. ఫెర్రిటిన్ అన్న మాటలో ఐరన్ ఎక్కడుంది? దాన్ని వదిలేశాను. నా కళ్లన్నీ ఆ హెచ్ మీదే. ఐరన్ ఎక్కువైందన్న మాట! ఇంటర్నెట్టులో వెతికితే ఒంట్లో ఇనుము పేరుకుపోతే కాలేయం పాడవుతుందని ఉంది. ఆ పూటే మాత్రలు మానేశాను. తోటకూర కూడా వండడం మానేశాను.

జూన్‌లో బళ్లు తెరిచేసరికి మేడ మీద తరగతికి వెళ్తూ మెట్ల మధ్యలో ఆగాల్సి వచ్చేది. దువ్వెన నిండా జుట్టు. ఒకరోజు బోర్డు మీద లెక్క రాస్తూ కళ్లు తిరిగి బల్ల పట్టుకుని నిలబడిపోయాను. ఆ సంగతి వినగానే అమ్మ ఆ రోజు చేపలబేరం మానుకుని నన్ను కాకినాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ పాత రిపోర్టు చూసి, “మాత్రలు వాడుతున్నారా?” అని అడిగారు.

“ఆపేశానండి. ఐరన్ ఎక్కువైందని.”

“ఎవరు చెప్పారండీ?”

“రిపోర్టులో హెచ్ ఉంది కదండీ.”

ఆవిడ నవ్వలేదు. కాగితం నా వైపు తిప్పారు. “ఇది మీ ఒంట్లో ఉన్న ఇనుము కాదు టీచర్ గారూ. ఇనుముని మోసుకెళ్లడానికి రక్తంలో ఉన్న చోటు. ఇనుము తగ్గేకొద్దీ శరీరం ఈ చోటు పెంచుకుంటుంది. ఎక్కువున్నవి సీట్లు, ఎక్కే మనుషులు కాదు. ఒంట్లో నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్. అది మీకు ఆరే ఉంది. దాదాపు ఖాళీ.”

“మరి ఐరన్ బాగానే ఉంది కదండీ?”

“ఆ పొద్దున మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నానండి. శిబిరంలో హిమోగ్లోబిన్ కూడా బాగానే ఉందన్నారు.”

“అదీ సంగతి. మాత్ర మింగాక కొన్ని గంటలు ఆ అంకె పైకెళ్తుంది. హిమోగ్లోబిన్ అంటారా, నిల్వంతా అయిపోయాక గానీ అది పడిపోదు. సరే, మట్టి, బియ్యం, ఐసు, ఇలాంటివేమైనా తినాలనిపిస్తుందా?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. “చేపల ఐసు తింటదండీ!”

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆవిడ తల పంకించి రాసుకున్నారు. కాళ్ల బాధ కూడా చాలావరకు దీని వల్లే అయ్యుంటుందన్నారు. తర్వాత నెలసరి ఎన్ని రోజులుంటుందని అడిగారు. ఎనిమిది, తొమ్మిది రోజులని చెప్పాను.

“మా ఇంట్లో ఆడాళ్లందరికీ అంతేనండి” అంది అమ్మ.

“అందరికీ ఉంది కదాని వదిలేయకూడదమ్మా. రక్తమంతా అటే పోతోంది.”

స్కానింగులో గర్భాశయంలో చిన్న గడ్డ ఉందని తెలిసింది. భయం లేదు, మందులతో చూద్దామన్నారు. ఇంటికొస్తూ దారంతా నా మీద నాకే కోపం. ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయమని పిల్లల్ని రోజూ విసిగించేదాన్ని, రిపోర్టులో ఒక్క అక్షరం చూసి తీర్పు చెప్పేసుకున్నాను.

మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున నిమ్మరసంతో. గంటదాకా టీ తాగకూడదు. ఆ గంటే అన్నిటికన్నా కష్టం. రెండు వారాల్లో ఐసు మీదికి మనసు పోవడం మానేసింది. కాళ్లు మాత్రం అంత తొందరగా లొంగలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి ముందు రోజే మాత్ర ఆపి వెళ్లాను. తోడొచ్చిన అమ్మ, “నాకూ ఓసారి చూడండమ్మా” అని ల్యాబు అమ్మాయికి చెయ్యి చాపింది. రిపోర్టులు వచ్చేదాకా వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

నా ఫెర్రిటిన్ ముప్పైనాలుగు. ఇంకో మూడు నెలలు మాత్రలు వాడాలన్నారు డాక్టరమ్మ. అమ్మకు అన్నీ చక్కగా ఉన్నాయి. ఇంటికొచ్చే దాకా తన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బస్సులో పక్క సీట్లో ఉన్నావిడకు కూడా చెప్పింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, మూడు నెలలంటే ఇంకెన్ని మాత్రలో లెక్కవేసుకుంటూ, విసుక్కుంటూ ఉప్పాడ దాకా సీట్లోనే కూర్చున్నాను.