ఆవిరి లెక్కలో నేను మరిచిన మెట్టు

మా చిన్నప్పుడు... ధౌలా కువాన్ దగ్గర ఫౌజీ క్వార్టర్లో, జనవరి ఆదివారం పొద్దున అంటే ఇడ్లీలే. ఢిల్లీ చలికి పిండి పులిసేది కాదు. ఫౌజులో హవల్దారైన నాన్న తెచ్చుకున్న గొంగడిని పిండిగిన్నెకి కప్పి, దాన్ని పసిపిల్లలా పడుకోబెట్టేది అమ్మ.

నాకప్పుడు పదకొండో తరగతి. వంటింట్లో వెచ్చగా ఉంటుందని గడప మీద కూర్చుని హోంవర్కు చేసేదాన్ని. ఆ రోజు లెక్క ఇదీ... నూరు డిగ్రీల దగ్గరున్న పది గ్రాముల ఆవిరి, నలభై డిగ్రీల నీరుగా మారితే ఎంత వేడి బయటికొస్తుంది?

తగ్గింది అరవై డిగ్రీలు, పది గ్రాములు... ఆరు వందల కేలరీలు! అర నిమిషంలో తేల్చేశాను. నా అంత తెలివైనది కంటోన్మెంట్లోనే లేదనుకున్నాను.

పొయ్యి మీది ఇడ్లీ గిన్నె మూత తియ్యడానికి అమ్మ ఇంకో మసిగుడ్డ కోసం వెతుకుతోంది. ఉతికి తీగ మీద వేసిన గుడ్డ మూడు రోజులైనా ఆరలేదు.

"ఆవిరి తగిల్తే మరుగునీళ్ల కన్నా ఎక్కువ కాల్తాదే," అంది.

"రెండూ నూరు డిగ్రీలే అమ్మా, ఒకటే వేడి. ఠక్కున తీసేయ్, ఏం కాదు," అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

అమ్మ అయిదో తరగతి వరకే చదివింది. చదువుకుంటున్న కూతురు చెప్పింది కదా అని ఒట్టి చేత్తో మూత ఎత్తింది.

మణికట్టు నిండా బొబ్బలు. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తర్వాత ఎడమ చేత్తో నాకు ఇడ్లీలు వడ్డించి, "ఏటీ అవ్వలేదే, తిను," అంది. తిన్నాను కూడా... ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమవారం మాస్టారు నా నోటుబుక్కులో ఎర్ర సిరాతో గీత కొట్టారు. ఆవిరి ముందు నీరవ్వాలి. ఆ ఒక్క మెట్టులోనే గ్రాముకు అయిదు వందల నలభై కేలరీలు, పది గ్రాములకు అయిదు వేల నాలుగు వందలు. ఆ తర్వాతే నా ఆరు వందలు. మొత్తం ఆరు వేలు. ఇంటికెళ్లి అమ్మకు చెప్పలేదు... ధైర్యం చాలలేదు.

మొన్న ఢిల్లీలోనే, మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్లో మా అమ్మాయి అదే లెక్క చేస్తోంది. "ఆరు వేలు. బహుత్ ఈజీ హై మమ్మీ," అంది. పక్కనే అమ్మ బఠానీలు ఒలుస్తోంది. మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

"అమ్మా, ఆ రోజు నా లెక్క తప్పు," అన్నాను, ఇన్నేళ్లకి.

"తెలుసులేవే... ఆ పూటే నా సెయ్యి సెప్పింది," అంది, బఠానీల మీంచి చూపు తిప్పకుండా.

ఇప్పుడు పిండి ప్యాకెట్లో వస్తోంది, కుక్కర్ తనంతట తనే ఆగిపోతోంది. మా వంటింట్లో మసిగుడ్డే లేదు. నేను వదిలేసిన ఆ అయిదు వేల నాలుగు వందలూ మాత్రం అమ్మ చేతి మీదే ఉండిపోయాయి.

చిన్నప్పుడు అంతా తెలిసినట్టు మీరు చెప్పిన తప్పు ఎవరి మీద పడింది? వాళ్లకి చెప్పారా?