ఈగల గుమాస్తా పసుపు చొక్కా

వీధిలో అందరూ అతన్ని ఈగల గుమాస్తా అంటారు. పూల మీద వాలే తేనెటీగలను పరిశోధనశాల కోసం లెక్కపెట్టడం అతని పని. ఊరవతల పెద్ద గడ్డిమైదానంలో కూర్చుంటే గంటలో పెన్సిలు అరిగిపోతుంది. నాలుగు రోడ్ల మధ్య చిక్కుకున్న గడ్డిముక్క దగ్గర మాత్రం దాని మొన చెక్కు చెదరదు. అక్కడి ఊదాపూలు ఈగ వాలితేనే గింజ కడతాయి. కానీ రెండు మైళ్ల తారు దాటి వచ్చే ఓపిక ఏ ఈగకుంది? ఈ ఏడూ గింజ పడకపోతే అక్కడ ఆ మొక్కల వంశం సరి. మూడు వారాలుగా అతను మడతకుర్చీలో కూర్చుని, కొంగలా మెడ సాచి, కాగితం మీద సున్నాలు చుడుతున్నాడు. "ఇవాళైనా ఎవరైనా వచ్చారా?" అని భార్య రోజూ అడుగుతుంది. "లేదే." "నన్ను చూడ్డానికే నలుగురొచ్చారు కదండీ! అంత అందమైన పువ్వుకి ఒక్కడూ దొరకలేదా?" "ఆ నలుగురిలో ఆఖరివాణ్ణి నేనే. కాస్త ఓపిక పట్టు."

నిన్న, పూత ఆఖరి రోజున, ఏ బస్సు కిటికీలోంచి దిగిందో, ఒక ఈగ వచ్చింది. వచ్చి నేరుగా గుమాస్తా పొట్ట మీద వాలింది. భార్య కొన్న కొత్త పసుపు చొక్కా దానికి పూలతోటలా కనిపించింది కాబోలు. చేత్తో తోలడానికి నిబంధనలు ఒప్పుకోవు. "అమ్మా తల్లీ, పక్కింటికెళ్లవే!" అని బతిమాలాడు. అది కదల్లేదు. చివరికి ఊపిరి బిగబట్టి, గుండీలు విప్పి, చొక్కాను కుర్చీ కింద దాచాడు. పక్కనుంచి పోయే బస్సులో జనం ఈలలు వేశారు. చొక్కా మీంచి లేచిన ఈగ ఆ బోడి పొట్ట చుట్టూ ఒకసారి తిరిగి, విరక్తి పుట్టి ఒక పువ్వు మీదికీ, అక్కణ్ణుంచి పక్క మొక్క పువ్వు మీదికీ వెళ్లింది. గుమాస్తా సున్నాల కింద 'రెండు' అని రాశాడు. నిజాయతీపరుడు కనుక చివరి గడిలో, 'పరిశీలకుడికి చొక్కా లేదు' అని కూడా రాశాడు.